‘బాడీ’కి తెలుగు: ఒళ్ళు, దేహం, భౌతికకాయం – కలమల్ల సాక్షిగా ఒక ప్రతివాదం

తెలుగు ప్రాచీనతను నిరూపించవలసి వచ్చిన ప్రతిసారీ పరిశోధకుల చూపు కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల మండలంలోని కలమల్లకు వెళ్తుంది. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనం అక్కడి చెన్నకేశవాలయంలో లభించింది. 2008లో తెలుగుకు ప్రాచీనభాషా ప్రతిపత్తి దక్కడానికి ముందు జరిగిన చర్చల్లోనూ, తరువాత జరుగుతున్న ఉత్సవాల్లోనూ ఆ రాతి పేరు వినబడుతూనే ఉంది. అయితే వర్తమాన పదజాలం గురించి, ముఖ్యంగా ఇంగ్లీషు పదాలకు తెలుగు నిర్ణయించే పద్ధతి గురించి చర్చ వచ్చినప్పుడు కలమల్లను ఎవరూ సాక్ష్యానికి పిలవరు. ఈ వ్యాసం ‘బాడీ’ అన్న ఒక్క ఇంగ్లీషు మాటను తీసుకొని, దానికి తెలుగు చెప్పడంలో విద్వల్లోకం అనుసరిస్తున్న మూడు ధోరణులూ లోపభూయిష్ఠమైనవని, ఆ లోపం పదాలకు మాత్రమే పరిమితం కాక మనుషుల మర్యాదను కూడా తాకుతున్నదని వాదిస్తుంది.

పూర్వపక్షాలు మూడు

మొదటిది పదకోశ పక్షం. ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట ఉండాలని, ‘బాడీ’ అంటే ‘శరీరం’ అని, ‘ఫిజికల్’ అంటే ‘భౌతిక’ అని, సందర్భమేదైనా వీటినే వాడితే శాస్త్రీయత నిలుస్తుందని ఈ పక్షం నమ్ముతుంది. రెండవది స్వచ్ఛతా పక్షం. సంస్కృతపదాలను, ఇంగ్లీషు పదాలను తొలగించి ‘ఒడలు’, ‘మేను’ వంటి దేశ్యాలనే నిలపాలంటుంది. కలమల్లను తన జెండాగా ఎత్తుకొనేది తరచుగా ఈ పక్షమే. మూడవది సిద్ధాంత పక్షం. పాశ్చాత్య విమర్శలో ‘బాడీ’ ఒక పారిభాషికపదం గనుక దానికి గంభీరమైన ప్రతిపదం కావాలని, అది ‘దేహం’ అని, ‘ఒళ్ళు’ వంటి వాడుకమాటకు అంత బరువు మోసే శక్తి లేదని ఈ పక్షం భావిస్తుంది. గత మూడు నాలుగు దశాబ్దాల స్త్రీవాద, దళితవాద విమర్శవ్యాసాలు చదివినవారికి ‘దేహరాజకీయాలు’ సుపరిచితం. ఆ విమర్శ లేవనెత్తిన ప్రశ్నలు న్యాయమైనవే. తగవు ప్రశ్నలతో కాదు, ఆ ప్రశ్నలు అడగడానికి ఎంచుకొన్న పదంతో.

మూడు పక్షాలకూ ఉమ్మడిగా ఒక భ్రమ ఉంది. ఇంగ్లీషు ‘బాడీ’ ఏకార్థకమని, దాని ఎదుట తెలుగులోని పలు పదాలు గందరగోళమని ఆ భ్రమ. నిజం దీనికి విలోమం.

ఇంగ్లీషు మాట ఒకటే, పనులు అనేకం

ప్రాచీన ఇంగ్లీషులో ‘బోడిగ్’ రూపంలో ఉన్న ఈ పదానికి మొండెం అన్న అర్థం ప్రధానంగా ఉండేది. కాలక్రమంలో అది మొత్తం శరీరానికి, ప్రాణం పోయిన శరీరానికి, మనిషికి, మనుషుల సమూహానికి, వస్తువు ప్రధానభాగానికి విస్తరించింది. మనిషి అన్న అర్థం ‘సంబడీ’, ‘నోబడీ’ వంటి సర్వనామాల్లో నేటికీ నిలిచి ఉంది. వీటికి తెలుగు ‘ఎవరో’, ‘ఎవరూ’. అక్కడ శరీరానికి చోటే లేదు. ‘లోకల్ బాడీ’ స్థానికసంస్థ, ‘గవర్నింగ్ బాడీ’ పాలకమండలి, ఆకాశంలోని ‘బాడీ’ ఖగోళవస్తువు, రక్తంలోని ‘యాంటీబాడీ’ ప్రతిరక్షకం. హెబియస్ కార్పస్ అన్న లాటిన్ మాటలోని ‘కార్పస్’ శరీరమే. అయినా 226వ అధికరణం కింద ఉన్నతన్యాయస్థానం పోలీసులను అడిగేది శరీరాన్ని కాదు, మనిషిని హాజరుపరచమని. ‘శరీరాన్ని హాజరుపరచండి’ అని ఎవరైనా అనువదిస్తే, ఆ మనిషి కోసం కోర్టు గుమ్మంలో ఎదురుచూస్తున్న తల్లికి గుండె ఆగుతుంది. పదకోశ పక్షం చెప్పే శాస్త్రీయత ఈ ఒక్క ఉదాహరణ ముందు నిలవదు.

తెలుగులోకి ఎరువు వచ్చిన ‘బాడీ’ కూడా మూలార్థాలన్నింటినీ వెంట తెచ్చుకోలేదు. లారీ యజమాని నోట అది ఛాసిస్ మీద కట్టించే తొట్టి. వ్యాయామశాలలో పెంచేది. పాతతరం స్త్రీల మాటలో లోపల తొడుక్కొనే రవిక. ఆసుపత్రి శవాగారం ముందు మాత్రం దాని అర్థం ఒక్కటే. ఎరువుపదం ప్రతిచోటా ఒక ఖాళీని వెతుక్కొని అందులో కూర్చుంది. ఆ ఖాళీ ఎందుకు ఏర్పడిందని అడగడం పరిశోధకుల పని. ఎరువును నిందించడం ఆ పనికి ప్రత్యామ్నాయం కాదు.

సంస్కృతం నుంచి వచ్చిన పదాలు కూడా పర్యాయపదాలు కావు. శిథిలమయ్యేది గనుక శరీరం, వృద్ధిచెందేది గనుక దేహం, పోగుపడేది గనుక కాయం అని సంప్రదాయ వ్యుత్పత్తులు చెబుతాయి. సమూహార్థకమైన ‘నికాయం’ పక్కన పెట్టి చూస్తే, ఇంగ్లీషు ‘బాడీ’కి ఉన్న గుంపు అన్న అర్థానికి దగ్గరగా వచ్చేది శరీరం కాదు, కాయం. ‘బాడీ’కి ఒకే ప్రతిపదాన్ని నిర్ణయించినవారు ఇంగ్లీషునూ సరిగా చదవలేదు, సంస్కృతాన్నీ చదవలేదు.

ఒళ్ళు చేసే పని

‘ఒడలు’ ద్రావిడ పదం. తమిళ ‘ఉడల్’, కన్నడ ‘ఒడల్’ దీని సజాతీయాలు. ‘ఒళ్ళు’గా మారి, ‘ఒంటి’ అన్న ఔపవిభక్తిక రూపంతో ‘ఇల్లు–ఇంటి’ వరుసలో చేరింది. 1858 నాటి బాలవ్యాకరణ దృష్టి ఒడలును అంగీకరించి ఒళ్ళును గ్రామ్యమని పక్కకు నెట్టేది. వ్యావహారిక ఉద్యమం గెలిచి ఇంతకాలమైనా పరిశోధనవ్యాసాల పరిభాషలో ఆ బహిష్కారం చెక్కుచెదరలేదు. ఒళ్ళు కథలో రావచ్చు, ఉదాహరణవాక్యంలో రావచ్చు. భావనగా మాత్రం రాకూడదు.

ఈ పదం వాడుకను గమనిస్తే ఒక స్పష్టమైన వ్యాకరణధర్మం కనిపిస్తుంది. ఒళ్ళు దాచుకొంటారు, ఒళ్ళు విరుచుకొంటారు, ఒళ్ళు దగ్గర పెట్టుకొంటారు, ఒళ్ళు హూనం చేసుకొంటారు. ఆత్మార్థకమైన ‘కొను’ దీనికి నిత్యసహచరం. ‘కొను’ లేని చోట ఒళ్ళే కర్తృస్థానంలో నిలుస్తుంది: ఒళ్ళు మండుతుంది, జలదరిస్తుంది, సహకరించదు. కోపం, భయం, అలసట, బాధ్యత, సోమరితనం ఇవన్నీ మనసుకు చెందినవని ఇతర భాషలు చెప్పే చోట తెలుగు వాటిని ఒంటికి అప్పగించింది. ‘ఒళ్ళు తెలియని కోపం’ అన్నప్పుడు తెలియనిది కండలూ ఎముకలూ కాదు, తాను. ‘మైమరచు’లో ఉన్నదీ ఇదే: మరచినది మై, అంటే మేను, అర్థం మాత్రం తన్ను తాను మరవడం. ఈ ‘మై’కి సజాతీయమైన తమిళ ‘మెయ్’కు శరీరమన్న అర్థంతో పాటు సత్యమన్న అర్థమూ ఉంది.

రెండవ ధర్మం: ఒళ్ళు సంఖ్యకు లొంగదు. పది దేహాలుంటాయి, పది మృతదేహాలుంటాయి. పది ఒళ్ళు ఉండవు. తరలించడానికి, అప్పగించడానికి, భద్రపరచడానికి, పరీక్షించడానికి వీలైనది ఒళ్ళు కాదు. ప్రాణం పోతున్నప్పుడు ‘ఒళ్ళు చల్లబడింది’ అంటారు. అక్కడివరకు అది ఆ మనిషిదే. ఎత్తవలసిన వస్తువైన మరుక్షణం ఆ పదం తప్పుకొంటుంది. ‘ఒళ్ళు అమ్ముకొను’ అన్న ప్రయోగాన్ని ఎవరైనా అభ్యంతరంగా చూపవచ్చు. అక్కడ ఒళ్ళు సరుకైంది కదా అని. కానీ అక్కడ కూడా ‘కొను’ ఉంది. అమ్మేదీ అమ్ముడుపోయేదీ ఒకే మనిషి అన్న దుర్భరసత్యాన్ని ఆ ప్రత్యయమే పట్టి ఉంచుతుంది. ‘దేహవిక్రయం’ అన్న సమాసం ఆ సత్యాన్ని జారవిడుస్తుంది.

జర్మన్ భాషలో ‘లైబ్’, ‘కోర్పర్’ అని రెండు మాటలున్నాయి. మొదటిది జీవించడమన్న అర్థంగల ధాతువుకు బంధువు, రెండవది లాటిన్ కార్పస్ నుంచి వచ్చింది. లోపలినుంచి అనుభవించే శరీరానికీ బయటినుంచి చూసే శరీరానికీ మధ్య భేదాన్ని హుసర్ల్ ఈ రెండు మాటల ఆధారంగానే చర్చించాడు. 1945లో మెర్లో–పాంటీ ఫ్రెంచిలో అదే భావాన్ని చెప్పడానికి శరీరవాచికి ‘స్వీయ’ అన్న విశేషణం తగిలించవలసి వచ్చింది. ఇంగ్లీషు అనువాదకులు ‘లివ్డ్ బాడీ’ అని రెండు మాటలు వాడుకొన్నారు. తెలుగు పరిశోధకుడు ఆ ఇంగ్లీషు పదబంధాన్ని ‘జీవిత దేహం’ అనో ‘అనుభూత శరీరం’ అనో అనువదించి, కింద వివరణ రాసుకొంటాడు. ఏ విశేషణమూ అక్కరలేని మాట తన వాకిట్లోనే ఉందని అతడికి తోచదు. ‘లైబ్’కు తెలుగు ఒళ్ళు. సిద్ధాంత పక్షం గంభీరత కోసం ఎంచుకొన్న ‘దేహం’ సరిగ్గా ఆ సిద్ధాంతం ఖండించదలచిన వస్తుదృష్టినే తిరిగి లోపలికి తెస్తున్నది.

చనిపోయినవారి అంతస్తులు

ఇంతవరకు చర్చ పరిభాషకు సంబంధించినది. అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఇంగ్లీషులో మంత్రికీ కూలికీ ప్రాణం పోయాక మిగిలేది ‘బాడీ’. తెలుగు వార్తాభాషలో అలా కాదు. ప్రముఖుడిది భౌతికకాయం లేదా పార్థివదేహం, సామాన్యుడిది మృతదేహం, దిక్కులేనివాడిది అనాథశవం. పశువుది కళేబరం. అచ్చతెలుగు ‘పీనుగు’ తిట్టుగా దిగజారింది. పోలీసు కాగితంలో అందరూ శవపంచనామాకు లోబడినవారే అయినా, మరునాటి పత్రికలో ఎవరి అంతస్తుకు వారు చేరుకొంటారు.

‘భౌతికకాయం’ విచిత్రమైన సమాసం. కాయమేదైనా భౌతికమే, పంచభూతాత్మకం కాని కాయం లేదు. సంప్రదాయంలో ‘పాంచభౌతిక దేహం’ అన్నది బతికి ఉన్నవారి గురించి కూడా చెప్పే మాట. దాని మొదటి భాగం రాలిపోయి, మిగిలినది మృతులకు మాత్రమే పరిమితమైంది. ఇటువంటి సంకోచం ఇతర భాషల్లోనూ ఉంది. ఇంగ్లీషులో శవమన్న అర్థంగల ‘కార్ప్స్’ ఒకప్పుడు సజీవశరీరానికీ వర్తించేది. అయితే విశేషణం నిరర్థకమని కొట్టివేయడం పొరపాటు. భౌతికకాయం ఉన్నదంటే భౌతికం కాని మరొక కాయం కూడా ఉన్నదని ధ్వని. అదే యశఃకాయం, కీర్తికాయం. ప్రముఖుడి భౌతికకాయం చితికి వెళ్తుంది, కీర్తికాయం మిగులుతుంది. అంటే ఈ పదం కొందరికి రెండు శరీరాలు ఇస్తున్నది, మిగిలినవారికి ఒక్కటే. ట్యూడర్ కాలపు ఇంగ్లండు న్యాయవాదులు రాజుకు మరణించే శరీరం ఒకటి, మరణించని శరీరం మరొకటి ఉంటాయని కల్పించిన సిద్ధాంతాన్ని కాంటొరోవిచ్ 1957లో సుప్రసిద్ధ గ్రంథంలో విశ్లేషించాడు. రాజులు పోయిన తరువాత కూడా తెలుగు వార్తావాక్యం ఆ సిద్ధాంతాన్ని ప్రతిరోజూ అమలుచేస్తున్నది.

కలమల్ల పరిసరాల్లో ఇది ఊహాగతమైన చర్చ కాదు. శాసనం దొరికిన ఊరి సరిహద్దులోనే రాయలసీమ తాపవిద్యుత్కేంద్రం ఉంది. ఎఱ్ఱగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు, నాపరాతి గనులు ఉన్నాయి. రాయి కోసేవారు, బండలు మోసేవారు, లారీలు నడిపేవారు ఒళ్ళు వంచి బతికేవారు. బతికినన్నాళ్ళూ వారి మాటల్లో ఒళ్ళు ఉంటుంది: ఒళ్ళు పులిసిపోయిందని, ఒంట్లో సత్తువ లేదని, ఒళ్ళంతా దుమ్మని. అటువంటి శ్రామికుడు ప్రమాదంలో మరణిస్తే వార్త ‘మృతదేహాన్ని పోస్టుమార్టానికి తరలించారు’ అన్న వాక్యంతో ముగుస్తుంది. అతడి భౌతికకాయాన్ని ఎవరూ సందర్శించరు. సందర్శించినా ఆ క్రియకు ఆ కర్మపదం దొరకదు. కుటుంబం వేయించుకొన్న సంతాపపత్రంలో భౌతికకాయమని రాసుకోవచ్చు. అలా రాసుకోవడమే ఆ పదం ఒక గౌరవచిహ్నమని, అది తమకు ఊరికే దక్కదని వారికి తెలుసునని చెబుతుంది.

మరి వారి నోట వచ్చే మాట ఏది? ఇంటివద్ద బంధువులు ‘ఎప్పుడు ఎత్తుతారు?’ అని కర్మపదమే లేకుండా అడుగుతారు. పేరు పెట్టడానికి నోరు రాదు. ఆసుపత్రి వద్ద మాత్రం పేరు చెప్పక తప్పదు. శవమంటే కఠినం, పీనుగంటే అవమానం, భౌతికకాయమంటే తమకు మించిన ఆడంబరం. అప్పుడు ‘బాడీ ఎప్పుడిస్తారయ్యా?’ అంటారు. ఆ ఇంగ్లీషు మాట సోమరితనం వల్ల రాలేదు, వ్యామోహం వల్ల రాలేదు. తెలుగు తనలోని అంతస్తుల వల్ల ఖాళీగా వదిలిన చోటులో అది దయగా వచ్చి నిలిచింది. స్వచ్ఛతా పక్షం ఆ తండ్రి నోటిలోని ‘బాడీ’ని సరిదిద్దబోయే ముందు, అతడికి ఏ తెలుగు మాటను మిగిల్చామో చెప్పవలసి ఉంటుంది.

‘భౌతిక’ చేస్తున్న పని

‘ఫిజికల్’కు ‘భౌతిక’ అన్న సమీకరణం మరికొన్ని వక్రతలకు కారణమైంది. భౌతికశాస్త్రంలో అది సముచితం, భౌతికవాదంలో సముచితం. ‘భౌతికదాడి’లో కాదు, తెలుగులో మనిషి మీద చేయి చేసుకొంటారు, కొడతారు. 2020లో కరోనా కాలాన ప్రపంచ ఆరోగ్యసంస్థ ‘సోషల్’ స్థానంలో ‘ఫిజికల్’ దూరమన్న మాటను ముందుకు తెచ్చినప్పుడు, తెలుగు ‘సామాజిక దూరం’ స్థానంలో ‘భౌతిక దూరం’ వచ్చింది. అంటరానితనాన్ని తలపించే మొదటి పదం తొలగడం మంచిదే. కానీ బజారులో నిలబడిన మనిషికి చెప్పవలసినది ‘ఎడంగా నిలబడండి’ అని. ‘ఎడం’ అన్న దేశ్యపదానికి ఆ పని చేసే సత్తా ఉంది. ప్రకటన రాసినవారికే అది తోచలేదు.

ఇందుకు భిన్నంగా దృష్టికోణం బాగా కుదిరిన సంస్కృతపదాలూ ఉన్నాయి. మరణానంతరం వైద్యవిద్యార్థుల అధ్యయనం కోసం ఇచ్చేదాన్ని ‘శవదానం’ అనరు, ‘దేహదానం’ అంటారు. సంతకం చేసేది బతికి ఉన్న మనిషి, ఇచ్చేది తనది. అక్కడ ఆ పదం న్యాయమైనది. కనుక ఈ వాదం సంస్కృతానికి వ్యతిరేకం కాదు. ప్రొద్దుటూరులో శివతాండవం రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులు నర్తించే శరీరాన్ని చిత్రించడానికి సంస్కృతసమాసాన్నీ దేశ్యపు నుడినీ ఒకే లయలో నడిపారు. ఏది ఎక్కడ పలకాలో ఎరిగి వాడడమే అక్కడి విశేషం.

రాతి సాక్ష్యం

ఇప్పుడు కలమల్లను పిలవవచ్చు. ఆ శాసనం శరీరాన్ని గురించి ఏమీ చెప్పదు. సాక్ష్యం దాని పదజాలంలో కాదు, పద్ధతిలో ఉంది. సంస్కృతప్రాకృతాలు రాజభాషలుగా చెలామణీ అయిన కాలంలో రేనాటి చోళులు పాలనావిషయాన్ని ఊరివారి భాషలో రాతికెక్కించారు. అదే రాజు వేయించిన ఎఱ్ఱగుడిపాడు శాసనమూ ఆ దారిదే. ఊరి పేర్లు, ఏలడమన్న క్రియ, స్థలవ్యవహారం తెలుగులో నడిచాయి. శిథిలమైన చివరి భాగంలో మాత్రం పాతకాన్ని సూచించే సంస్కృతపదం మిగిలి ఉంది. దీన్ని నిర్మలమైన అచ్చతెలుగుకు జెండాగా ఎత్తడం రాతిని చదవకపోవడమే. బతుకు వ్యవహారానికి తెలుగు, పుణ్యపాపాల గంభీరతకు సంస్కృతం అన్న విభజన అక్కడే మొదలై కనిపిస్తుంది. బతికినన్నాళ్ళూ ఒళ్ళు, పోయిన తరువాత కాయం అన్న నేటి అలవాటు ఆ విభజనకు దూరపు వారసురాలు.

అయితే ఆ రాతిలో ఒక పాఠం కూడా ఉంది. అధికారపత్రానికి తగదని నాటి వాడుక పక్కన పెట్టిన భాషను ధనంజయుడి లేఖకుడు తగినదిగా చేశాడు. తగినతనం భాషకు పుట్టుకతో రాదు, వాడినందువల్ల వస్తుంది. ఒంటికి పారిభాషిక గౌరవం లేదని చెప్పేవారు ఆ గౌరవం ఇవ్వవలసినవారు తామేనని మరుస్తున్నారు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్, 1852 నాటి నిఘంటువులో కావ్యపదాల పక్కన వాడుకమాటలకు, నానుడులకు చోటిచ్చాడు. పదానికి అర్థం పదంలో కాదు, ప్రయోగంలో ఉంటుందని ఆ పరదేశి గ్రహించిన నేలమీదే, ప్రయోగాన్ని వదిలి పదాన్ని పదంతో తూచే పద్ధతి నేడు శాస్త్రమనిపించుకొంటున్నది.

చేయవలసినది

ఈ ప్రతివాదం కోరేవి మూడు. ఇంగ్లీషు–తెలుగు పదకోశాలు ‘బాడీ’ వంటి పదాలకు అర్థచ్ఛాయల వారీగా, ప్రయోగవాక్యాలతో ఆరోపాలు ఇవ్వాలి. ‘ఒక మాటకు ఒక మాట’ పద్ధతిని శాస్త్రపరిభాషకు పరిమితం చేయాలి. తెలుగుశాఖల సిద్ధాంతగ్రంథాల్లో అనుభవించే శరీరాన్ని చర్చించేటప్పుడు ‘ఒళ్ళు’ను కొటేషన్ గుర్తులు లేకుండా, క్షమాపణ లేకుండా భావనాపదంగా వాడాలి, దాన్ని గ్రామ్యమని కొట్టివేసే పరీక్షకుడు కారణం చూపాలి. మూడవది వార్తారచనకు సంబంధించినది, అన్నిటికంటే సులభమైనది: మరణించిన అందరికీ ఒకే మాట. అది పార్థివదేహమైనా సరే, మృతదేహమైనా సరే. మన్నుకు చెందినదని అర్థమిచ్చే ‘పార్థివ’ శబ్దం మంత్రికి ఎంత నిజమో నాపరాతి గనిలో పనిచేసిన మనిషికీ అంతే నిజం.

గౌరవసూచకాలు తొలగిస్తే మహనీయులకు లోటు జరుగుతుందని కొందరు ఆక్షేపించవచ్చు. మహనీయుల గౌరవం వారి కృతులలో ఉంటుంది, వార్తలోని కర్మపదంలో కాదు. లోటు ఇప్పటికే జరుగుతున్నది మరొకరికి. శవాగారం ముందు నిలబడి, తన కొడుకును తన భాషలో పిలవడానికి మాట దొరకక ఇంగ్లీషును ఆశ్రయించిన తండ్రికి ఆ లోటు తెలుసు. పద్నాలుగు వందల ఏళ్ళకు పైగా రాతలో ఉన్న భాష అతడికి ఒక్క మాట బాకీ పడి ఉంది.